తొంభై అయిదో శవం

1138వ సంవత్సరం, ఆగస్టు నెల. ఇంగ్లండు, వేల్స్ సరిహద్దుకు దగ్గరలో సెవర్న్ నది దాదాపు చుట్టూ తిరిగివచ్చే మలుపులో ష్రూస్‌బరీ అనే ఊరుంది. సింహాసనం కోసం పోరాడుతున్న స్టీఫెన్ రాజు ఆ ఊరి కోటను ముట్టడించి గెలిచాడు. చివరిదాకా లొంగని సైనికులను వరసపెట్టి ఉరితీయించాడు. ఆ శవాలను కడిగి, మర్యాదగా మట్టి చేయించడానికి పక్కనున్న మఠం నుంచి నడివయసు దాటిన ఒక సన్యాసి వచ్చాడు. ఉరితీసినవారు 94 మంది అని రాజోద్యోగులు చెప్పారు. సన్యాసి లెక్కపెడితే 95 వచ్చింది. మళ్లీ లెక్కపెట్టినా 95 మందే ఉన్నారు. ఆ ఎక్కువైన కుర్రవాడు ఉరికొయ్యకు వేలాడి చనిపోలేదు. వెనకనుంచి ఎవరో సన్నటి తాడు మెడకు బిగించి ఊపిరి తీశారు. రాజు చంపించిన గుంపులో తాను చంపినవాణ్ని కలిపేస్తే అడిగేవాడు ఉండడని హంతకుడు అనుకున్నాడు. సన్యాసి అడిగాడు.

ఆ ముట్టడి చరిత్రలో నిజంగా జరిగింది. ఉరితీతలూ నిజమే. తొంభైకి పైగా మనుషులను ఉరితీశారని ఆ కాలపు చరిత్రకారుడు, అదే ప్రాంతంలో పుట్టిన ఓర్డరిక్ వైటాలిస్ రాసిపెట్టాడు. ఎక్కువైన ఆ ఒక్క శవం మాత్రం ఎల్లిస్ పీటర్స్ అనే రచయిత్రి కల్పన. 1979లో వచ్చిన ఆ నవల పేరు ‘వన్ కార్ప్స్ టూ మెనీ’. పాత ఇంగ్లండు నేపథ్యంలో సాగే ఇలాంటి అపరాధ పరిశోధన నవలలకు ప్రపంచమంతటా పాఠకులున్నారు, తెలుగునాట కూడా ఉన్నారు. కోటలు, గుర్రాలు, మఠాల గంటలు, మంచు కురిసే రాత్రులు చూసి ముచ్చటపడి చదువుతారని చాలామంది అనుకుంటారు. ఆ ముచ్చట ఎలాగూ ఉంటుంది. అసలు రుచి మాత్రం సన్యాసి వేసిన ఆ లెక్కలో ఉంది. చరిత్ర రాజుల చావులను పేర్లతో రాస్తుంది, మిగతావారి చావులను అంకెలతో సరిపెడుతుంది. ఈ నవలలు ఆ అంకెలోంచి ఒక్క మనిషిని విడదీసి, ఇతనెవరు, ఇతన్ని ఎవరు చంపారు, ఎందుకు చంపారు అని నిలబెట్టి అడుగుతాయి. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ చదువుకుని పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ తపన కొత్తది కాదు.

ఎల్లిస్ పీటర్స్ కలం పేరు. అసలు పేరు ఈడిత్ పార్జిటర్. 1913లో ష్రాప్‌షైర్‌లో పుట్టి, 1995లో ఆ గడ్డమీదే కన్నుమూసింది. యువతిగా ఉన్నప్పుడు ఒక మందుల దుకాణంలో సహాయకురాలిగా కొన్నేళ్లు పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళపు మహిళా విభాగంలో సేవచేసి పతకం అందుకుంది. చెక్ భాష నేర్చుకుని ఆ సాహిత్యాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. ఇంత చేశాక, అరవై దాటిన వయసులో, 1977లో బ్రదర్ కాడ్‌ఫెల్ అనే సన్యాసి మొదటి కథ రాసింది. శవాలు లెక్కపెట్టిన సన్యాసి ఇతనే. 1994 నాటికి ఇరవై నవలలయ్యాయి. కాడ్‌ఫెల్ వేల్స్ మనిషి. యవ్వనంలో క్రూసేడ్లనే మతయుద్ధాలకు వెళ్లాడు, సముద్రాల మీద తిరిగాడు, స్త్రీలను ప్రేమించాడు. నలభై దాటాక సన్యసించి ష్రూస్‌బరీ మఠంలో మందుమొక్కల తోట చూసుకుంటూ కుదురుకున్నాడు. లోకం చూసి వచ్చినవాడు కనుక అతనికి మనుషుల మీద కోపం తక్కువ, ఆరా ఎక్కువ. ఆ మఠం కూడా కల్పన కాదు. 1083లో రోజర్ డి మాంట్‌గమరీ అనే ప్రభువు స్థాపించాడు. దాని చర్చి ఈనాటికీ నిలిచి ఉంది. పార్జిటర్ గౌరవార్థం పెట్టిన ఒక రంగుటద్దాల కిటికీ అందులో ఉంది.

ఆ కథలు నడిచిన కాలం ఇంగ్లండు చరిత్రలో చాలా చెడ్డది. 1120 నవంబరులో ఫ్రాన్సు తీరం దగ్గర వైట్ షిప్ అనే ఓడ మునిగి, మొదటి హెన్రీ రాజు ఏకైక వారసుడు పోయాడు. కూతురు మాటిల్డాకు పట్టం కడతామని ప్రభువులందరి చేతా రాజు ప్రమాణం చేయించాడు. 1135లో ఆయన చనిపోగానే మేనల్లుడు స్టీఫెన్ కిరీటం పెట్టుకున్నాడు. ప్రమాణం చేసినవాళ్లు రెండుగా చీలిపోయారు. 1153 దాకా దేశం ఆ కార్చిచ్చులో మాడింది. పొలాలు తగలబడ్డాయి, ప్రతి చిన్న ప్రభువూ తన కోటలో తానే రాజయ్యాడు. పాఠ్యపుస్తకంలో ఇదంతా అరపేజీకి మించదు. నవలలో మాత్రం ఆ అరపేజీ కింద నలిగిన జనం కనిపిస్తారు. ఏ పక్షం గెలుస్తుందో తెలియక కొడుకును దాచిపెట్టే తల్లి, దారులు మూసుకుపోయి అమ్మకానికి తెచ్చిన ఉన్నితో నిలిచిపోయిన వర్తకుడు, కాలిన ఊరి నుంచి మఠానికి చేరిన పిల్లలు కళ్లముందుకొస్తారు. తారీఖులు బట్టీపట్టి మరిచిపోయినవారికి కూడా, ఆ నవలలు చదివాక ఆ యుద్ధం గుర్తుండిపోతుంది.

ఈ కథల్లో పరిశోధకుడి చేతిలో పరికరమంటూ ఏదీ ఉండదు. రక్తపు చుక్కను పరీక్షించే శాల లేదు, ఫోటో లేదు, గడియారం లేదు. వేలిముద్రలతో మనిషిని గుర్తుపట్టే పద్ధతి రావడానికి ఇంకా ఏడున్నర శతాబ్దాలు పట్టింది. దాని కోసం తొలి కార్యాలయం 1897లో మన కలకత్తాలో మొదలైంది. ఆ వర్గీకరణకు లెక్కలు కట్టి పెట్టినవారిలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులున్నారు. లండన్ పోలీసుల స్కాట్లండ్ యార్డు 1901లో ఆ దారి పట్టింది. ఇవేవీ లేని రోజుల్లో నిజం పట్టుకోవాలంటే కళ్లు, ముక్కు, జ్ఞాపకం, ఓపిక మాత్రమే దిక్కు. ‘ఆ సమయంలో నేను అక్కడ లేను’ అని ఎవరైనా అంటే, ఆ సమయం ఏదో చెప్పేది మఠం గంటే. రాత్రివేళ మేటిన్స్, తెల్లవారుతుండగా ప్రైమ్, సాయంత్రం వెస్పర్స్, పడుకోబోయే ముందు కంప్లిన్. ప్రతి ప్రార్థనకూ ఎవరి చోటు వారిది. ఒక చోటు ఖాళీగా ఉంటే పక్కవాడికి తెలుస్తుంది. పోలీసు కథల్లో గోడ గడియారం చేసే పనిని ఇక్కడ ఒక సమాజపు దినచర్య మొత్తం చేస్తుంది. అందుకే మిస్టరీ ముడి విప్పుతూ పోయేసరికి ఆ కాలంలో మనిషి ఎలా బతికాడో పాఠకుడికి దానంతట అదే పట్టుబడుతుంది.

1980లో వచ్చిన ‘మంక్స్ హుడ్’ దీనికి మంచి ఉదాహరణ. కాడ్‌ఫెల్ వృద్ధుల కీళ్లనొప్పులకు ఒక మొక్క వేరుతో తైలం కాస్తాడు. ఒంటికి పూస్తే నొప్పి తగ్గుతుంది, కడుపులోకి పోతే ప్రాణం పోతుంది. మన ఆయుర్వేదం వత్సనాభి అని పిలిచే విషమొక్క కూడా ఆ జాతిదే. నొప్పి తగ్గించడానికి తాను కాచిన మందే ఒకరి భోజనంలో కలిసి హత్యకు సాధనమయ్యేసరికి సన్యాసి చలించిపోతాడు. మందుల దుకాణంలో పనిచేసిన అమ్మాయి చేతికి అబ్బిన తెలివి ఆ పేజీల్లో తెలుస్తుంది. ఏ ఆకు ఎప్పుడు కోయాలో, ఏది ఎండబెట్టాలో, ఏ సీసా మూత ఎంత గట్టిగా ఉండాలో ఆమె రాస్తుంటే ఆ కుటీరపు వాసన ముక్కుకు తగులుతుంది. అలంకారానికి రాసిన వివరం ఒక్కటీ లేదు, ప్రతిదీ కథకు పనికొస్తుంది.

ఆ కాలం నిజాన్ని ఎలా తేల్చేదో గుర్తుచేసుకుంటే, ఈ ఓపిక విలువ ఇంకా బాగా అర్థమవుతుంది. నేరం మోపబడినవాడు కాల్చిన ఇనుపకడ్డీ పట్టుకుని కొన్ని అడుగులు నడవాలి. చేతికి కట్టుకట్టి మూడు రోజులకు విప్పి చూస్తారు. పుండు మానుతుంటే నిర్దోషి, చీము పడితే దోషి. నీటి పరీక్షలోనైతే మునిగినవాడు నిర్దోషి, తేలినవాడు దోషి. మన ధర్మశాస్త్రాలలోనూ అగ్ని, జల, విష దివ్యాలున్నాయి. వాటిని వివరించిన ‘మితాక్షర’ అనే సంస్కృత న్యాయగ్రంథమే 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన విజ్ఞానేశ్వరీయానికి మూలం. మనిషి సాక్ష్యం చాలనప్పుడు దైవాన్ని సాక్షిగా పిలవడం ఆనాడు అనేక దేశాల నమ్మకం. 1215లో రోమ్‌లో జరిగిన లాటరన్ మహాసభ, మతగురువులు ఈ పరీక్షలు జరిపించకూడదని శాసించింది. ఆ తర్వాతే ఇంగ్లండు జ్యూరీ తీర్పు వైపు మళ్లింది. కాడ్‌ఫెల్ కథలు నడిచేది దానికి మూడు తరాల ముందు. ఇనుపకడ్డీ తీర్పు చెప్పే రోజుల్లో గాయాన్ని దగ్గరగా చూసి, ఆకు వాసన పట్టి, సాక్షిని మెల్లగా అడిగి నిజం తేల్చుకోవాలనుకోవడం ఎంత తెగువో ఆలోచించండి.

చనిపోయినవాడి పుట్టుకను బట్టి అతని ప్రాణం వెల మారిన రోజులవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఒక చట్టం వచ్చింది. ఎక్కడైనా గుర్తుతెలియని శవం దొరికి, అది ఇంగ్లీషువాడిదేనని చుట్టుపక్కలవారు రుజువు చేయలేకపోతే, చచ్చింది నార్మనుడే అనుకుని ఆ ప్రాంతం మొత్తానికి జరిమానా వేసేవారు. 1340 దాకా ఆ పద్ధతి నడిచింది. హంతకుడు చర్చిలోకి పరిగెత్తి శరణు కోరితే నలభై రోజులు ఎవరూ ముట్టుకోకూడదు. ఆలోగా నేరం ఒప్పుకుని, దేశం విడిచిపోతానని ప్రమాణం చేసి, సిలువ చేతపట్టుకుని రేవుదాకా నడిచి ఓడ ఎక్కాలి. 1194లో కొత్తగా కరోనర్ అనే పదవి వచ్చింది. మొదటి రిచర్డ్ రాజును చెరనుంచి విడిపించడానికి చెల్లించిన సొమ్ముతో, యుద్ధాల ఖర్చుతో ఖజానా ఖాళీ అయింది. నేరస్థుల ఆస్తి, జరిమానాలు, మనిషి చావుకు కారణమైన బండికో ఎద్దుకో కట్టిన వెల రాజుకు చేరేలా చూడటం ఆ పదవి పని. అందుకోసం ప్రతి అసహజ మరణం దగ్గరికీ కరోనర్ వెళ్లాలి, ఊరివాళ్లను జ్యూరీగా కూర్చోబెట్టాలి, శవాన్ని చూపించాలి, అంతా రాయించాలి. రాబడి కోసం పుట్టిన ఆ రాత వల్లే బండి కింద పడిన పిల్లవాడు, బావిలో పడిన పనిమనిషి, తాగిన మైకంలో కొట్టుకుని చచ్చిన కూలీ చరిత్రలోకి పేర్లతో ఎక్కారు. 14వ శతాబ్దపు లండన్, ఆక్స్‌ఫర్డ్ చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి.

బెర్నార్డ్ నైట్ ఆ పదవినే కథావస్తువు చేసుకున్నాడు. వృత్తిరీత్యా ఆయన శవపరీక్ష నిపుణుడు, వైద్యశాస్త్ర ఆచార్యుడు. 1998లో వచ్చిన ‘ద శాంక్చువరీ సీకర్’తో, డెవన్ ప్రాంతానికి తొలి కరోనర్ అయిన సర్ జాన్ డి వుల్ఫ్ కథలు మొదలుపెట్టాడు. 1194 నాటి డెవన్‌లో, రహదారి బురదలో ఒక శవం మీద వంగి నిలబడిన ఆ మొరటు మనిషిని చూస్తుంటే మన పల్లెల్లో జరిగే శవ పంచనామా గుర్తొస్తుంది. ఊరి పెద్దమనుషులను పిలిచి, గాయాలు చూపించి, కాగితం మీద సంతకాలు పెట్టించే ఆ తతంగం మనకు ఇంగ్లీషువారి చట్టంతోనే వచ్చింది. కరోనర్ పదవి కూడా కలకత్తా, బొంబాయి నగరాలకు వచ్చింది. ముంబయిలో 1999 దాకా ఉంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఆ బురద రోడ్డుకూ, నేటి మన పోలీసు స్టేషన్ ఫైలుకూ మధ్య తెగని దారం ఒకటి ఉంది. అసహజంగా పోయిన ఏ మనిషినీ ఎవరూ చూడకుండా పూడ్చిపెట్టకూడదన్నది ఆ దారం.

మనుషులు గుంపులుగా రాలిపోతున్నప్పుడు ఆ నియమం నిలుస్తుందా? సుజానా గ్రెగరీ 1996లో రాసిన ‘ఎ ప్లేగ్ ఆన్ బోత్ యువర్ హౌసెస్’ ఈ ప్రశ్ననే ఎదుర్కొంది. 1348 వేసవిలో ప్లేగు మహామారి ఇంగ్లండు దక్షిణ తీరాన దిగింది. ఒకటి రెండేళ్లలో దేశజనంలో మూడో వంతు నుంచి సగం దాకా తుడిచిపెట్టుకుపోయారని చరిత్రకారుల అంచనా. కేంబ్రిడ్జిలో మైకేల్‌హౌస్ అనే కళాశాల ఉండేది. తర్వాత ట్రినిటీ కళాశాలలో కలిసిపోయింది. అక్కడ వైద్యం బోధించే మాథ్యూ బార్తోలొమ్యూ ఈ నవలకు నాయకుడు. గోతులు తవ్వేవాళ్లు చాలని రోజుల్లో ఒక అనుమానాస్పద మరణం వెంట పడతాడు. ఇంతమంది పోతుంటే ఆ ఒక్కడి సంగతి ఎందుకని చుట్టూ ఉన్నవారు అడగడం సహజం. వైద్యుడు వదలడు. కోవిడ్ రోజుల్లో రోజూ సాయంత్రం బులెటిన్లలో అంకెలు చూస్తూ, ఆ అంకెలో మనవాళ్లూ కలిసిపోయిన దుఃఖం తెలిసిన తరం మనది. ఆ వైద్యుడి మొండితనం మనకు మరీ దగ్గరగా తోస్తుంది. చావులు పెరిగినంత మాత్రాన ఒక్క చావు చిన్నది కాదని అతను నమ్మాడు.

ఈ వరసలో మనసును అన్నిటికంటే లోతుగా తాకేవాడు సి.జె. శాన్సమ్. చరిత్రలో పరిశోధన పట్టా తీసుకుని, తర్వాత న్యాయవాదిగా పనిచేసిన రచయిత. 2003లో ‘డిసొల్యూషన్’తో మొదలుపెట్టి 2018లో ‘టూంబ్‌లండ్’ దాకా ఒకే వరసలో ఏడు నవలలు రాశాడు. ఎనిమిదో హెన్రీ 1536 నుంచి 1540 లోపు దేశంలోని మఠాలన్నీ మూయించాడు. దాదాపు ఎనిమిది వందల సంస్థలు, వాటి భూములు, బంగారం, పుస్తకాలు చేతులు మారాయి. కాడ్‌ఫెల్ తోట పెంచిన ష్రూస్‌బరీ మఠం కూడా 1540లో మూతపడింది. ‘డిసొల్యూషన్’లో సముద్రతీరపు మఠంలో రాజప్రతినిధి హత్య జరుగుతుంది. విచారణకు రాజమంత్రి థామస్ క్రామ్‌వెల్ పంపినవాడు మాథ్యూ షార్డ్‌లేక్ అనే గూని లాయరు. మతసంస్కరణ మీద నిండు నమ్మకంతో బయలుదేరాడు. ఒక్కో ఆధారం పట్టుకుని వెళ్లేకొద్దీ, సంస్కరణ పేరుతో జరుగుతున్న పంపకాలు, బలవంతపు వాంగ్మూలాలు కళ్లబడతాయి. హంతకుడు దొరికే సరికి షార్డ్‌లేక్ తాను నమ్మిన పక్షాన్నే ప్రశ్నించుకోవలసి వస్తుంది. తన పక్షం తప్పును తానే చూడగలగడం ఏ కాలంలోనైనా అరుదు. శాన్సమ్ 2024 ఏప్రిల్ 27న చనిపోయాడు. ‘డిసొల్యూషన్’ ఆధారంగా తీసిన ధారావాహిక ప్రేక్షకుల ముందుకు రావడానికి అప్పటికి కొద్ది రోజులే ఉంది.

షార్డ్‌లేక్ వీపు వంకర ఆ కథల్లో అలంకారంగా లేదు. వంకర ఒళ్లున్నవాడి మనసూ వంకరేనని ఆ కాలం నమ్మింది. ‘సావరిన్’ నవలలో, 1541లో యార్క్ నగరానికి ఊరేగింపుగా వచ్చిన రాజు అందరి ముందూ అతని గూనిని వెక్కిరిస్తాడు. ఆ మూఢనమ్మకమే మూడో రిచర్డ్ రాజును ఇంగ్లండు చరిత్రకు దుర్మార్గుడిగా అప్పగించింది. 1483లో అన్న కొడుకులిద్దరూ, పన్నెండేళ్లవాడూ తొమ్మిదేళ్లవాడూ, లండన్ టవర్ నుంచి అదృశ్యమయ్యారు. నింద బాబాయి రిచర్డ్ మీద పడింది. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో అతన్ని చంపి గద్దెనెక్కినవారి కాలంలో ఆ కథ పెరిగింది, షేక్స్‌పియర్ నాటకంతో స్థిరపడింది. జోసెఫిన్ టే 1951లో ‘ద డాటర్ ఆఫ్ టైమ్’ రాసింది. కాలు విరిగి ఆసుపత్రి మంచం మీదున్న పోలీసు అధికారి అలన్ గ్రాంట్ రిచర్డ్ చిత్రపటం చూసి, ఇది హంతకుడి ముఖంలా లేదే అనుకుంటాడు. మంచం దిగకుండానే, కేవలం పత్రాలతో నాలుగున్నర శతాబ్దాల నాటి కేసు తిరిగి విచారిస్తాడు. ఆ కథ ఎవరు ముందు రాశారు, అప్పటికి ఆ రాసినవాడి వయసెంత, ఎవరి కొలువులో ఉన్నాడు అని అడుగుతాడు. ఏ పత్రిక చదివేవారైనా, ఏ వాట్సాప్ సందేశం అందుకున్నవారైనా నేర్చుకోవలసిన ప్రశ్నలివి.

గ్రాంట్ తీర్పును చరిత్రకారులందరూ ఒప్పుకోలేదు, ఒప్పుకోవలసిన పనీ లేదు. ఆ నవల సాధించింది వేరు. రిచర్డ్‌కు న్యాయమైన విచారణ దక్కాలనే కోరికను అది వేలమంది సామాన్య పాఠకుల్లో నింపింది. 1990లో బ్రిటన్ క్రైమ్ రైటర్స్ అసోసియేషన్ సభ్యులు ఎంచిన వంద అపరాధ నవలల్లో దానిదే మొదటి స్థానం. 2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ పార్కింగు కింద తవ్వితే రిచర్డ్ అస్థిపంజరం దొరికింది. అతని అభిమానుల సంఘం పట్టుబట్టి చేయించిన తవ్వకం అది. వెన్నెముక పక్కకు వంగి ఉంది, కథల్లో చెప్పిన ఎండిపోయిన చేయి మాత్రం లేదు. 2015లో రాజమర్యాదలతో లెస్టర్ కథీడ్రల్‌లో మళ్లీ సమాధి చేశారు. పిల్లల్ని ఎవరు చంపారో ఆ ఎముకలు చెప్పలేదు. గెలిచినవారు రాసినదంతా నిజం కాదని మాత్రం చెప్పాయి.

గుంపు కోపంలో ఉన్నప్పుడు నిజం సంగతి ఏమవుతుందో 1666 లండన్ అగ్నిప్రమాదం చూపించింది. సెప్టెంబరు 2న ఒక రొట్టెల బట్టీలో మొదలైన మంట నాలుగు రోజుల్లో 13 వేలకు పైగా ఇళ్లను, 87 చర్చిలను మింగింది. పరాయివాళ్లే తగలబెట్టారని జనం వీధుల్లో విదేశీయుల మీద పడ్డారు. రాబర్ట్ హ్యూబర్ట్ అనే ఫ్రెంచి యువకుడు ఆ మంట తానే పెట్టానని ఒప్పుకున్నాడు. అతని మాటలకు పొంతన లేకపోయినా ఉరితీశారు. మంట మొదలయ్యాకే అతను లండన్ చేరాడని తర్వాత తేలింది. ఆండ్రూ టేలర్ 2016లో రాసిన ‘ద యాషెస్ ఆఫ్ లండన్’ ఆ బూడిదలోనే మొదలవుతుంది. కాలిన సెయింట్ పాల్స్ శిథిలాల్లో, చేతులు వెనక్కి విరిచి బొటనవేళ్లు కట్టేసిన శవం దొరుకుతుంది. నగరం మొత్తం కాలిపోయినచోట కూడా ఒక హత్య వెనక పరుగెత్తే మనిషి ఉన్నాడు. చరిత్రలో హ్యూబర్ట్ కోసం సమయానికి అలా పరుగెత్తిన మనిషి లేకపోయాడు.

ఈ నవలల మీద ఒక అభ్యంతరం ఉంది, అందులో సత్యమూ ఉంది. పరిశోధకులు తమ కాలపువారిలా ఆలోచించరు, మన కాలపు ఉదారభావాలను పాత బట్టల్లో తిప్పుతారు అంటారు. 12వ శతాబ్దపు సన్యాసికి అంత పరమత సహనం ఉంటుందా, స్త్రీల మీద అంత గౌరవం ఉంటుందా అని అడుగుతారు. కొన్ని నాసిరకం నవలల విషయంలో ఆ విమర్శ నూటికి నూరుపాళ్లు నిజం. మంచి రచయితలు మాత్రం ఆ ఉదారతకు వేరు చూపిస్తారు. కాడ్‌ఫెల్ క్రూసేడ్లలో శత్రువు మంచితనాన్ని కళ్లారా చూసి వచ్చాడు. ఏరియానా ఫ్రాంక్లిన్ 2007లో రాసిన ‘మిస్ట్రెస్ ఆఫ్ ద ఆర్ట్ ఆఫ్ డెత్’లో కేంబ్రిడ్జి పిల్లల హత్యలను తేల్చడానికి వచ్చిన వైద్యురాలు ఇటలీలోని సలెర్నోలో చదువుకుంది. ఆ వైద్య విద్యాకేంద్రంలో స్త్రీలు కూడా వైద్యం చేసినట్టు చరిత్ర చెబుతోంది. ఆ హత్యల నింద ఊరివాళ్లు యూదుల మీద వేస్తారు. చరిత్రలోనూ ఇంగ్లండులో అలాంటి నిందలు మళ్లీ మళ్లీ పడ్డాయి. 1290లో యూదులందరినీ దేశం నుంచి వెళ్లగొట్టారు. ఏ కాలంలోనైనా తన కాలానికి ఎదురునిలిచిన మనుషులు కొందరుంటారు. వారిని ఊహించడం చరిత్రకు ద్రోహం కాదు.

మనల్ని రెండు వందల ఏళ్లు ఏలినవారి కథలు మనకెందుకని అడిగేవారూ ఉన్నారు. ఈ నవలలు చూపించే ఇంగ్లండు ఏలికల ఇంగ్లండు కాదు. పంట పోతే పస్తులుండే, చిన్న దొంగతనానికే ఉరితీసే, ప్రభువుల కొట్లాటలో ఊళ్లు తగలబడే పేద చలిదేశం అది. 1611లో గ్లోబ్ అనే ఓడలో ఈస్టిండియా కంపెనీ మనుషులు మచిలీపట్నంలో దిగేనాటికి, మన నేతగాళ్ల బట్ట దూరదేశాల రేవుల్లో పేరు తెచ్చుకుని ఉంది. ఆ వచ్చినవారి తాతముత్తాతలు ఎలా బతికారో, ఎవరికి భయపడ్డారో, న్యాయం కోసం ఎంత అల్లాడారో చదివితే పాలకుడి ముసుగు తొలగి మనిషి కనిపిస్తాడు. అలా చూడగలగడం కూడా విముక్తిలో భాగమే.

తెలుగులో రెండు బలమైన సంప్రదాయాలున్నాయి. అడివి బాపిరాజు, నోరి నరసింహశాస్త్రి వంటివారి చారిత్రక నవల ఒకటి. పాంచ్‌కడీ దేవ్ అనువాదాల నుంచి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ దాకా మన ఇళ్లల్లో దిండ్ల కింద దాగిన అపరాధ పరిశోధన రెండోది. ఈ రెండూ మరింత గట్టిగా కలవాలి. ఓడ మునిగినా వర్తకుల సరుకు జప్తు చేయబోమని 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఆ తీరానికి కొట్టుకొచ్చిన ఒక నావికుడి ఒంటిమీద సముద్రం చేయని గాయం ఉంటే, శాసనం మాటను నిలబెట్టడానికి ఏ కరణం, ఏ వైద్యుడు, ఏ దేవదాసి ఆరా తీస్తుంది? మన శాసనాల్లో, ఊళ్ల చరిత్ర చెప్పే కైఫియత్తుల్లో ఇలాంటి ప్రశ్నలు రచయితల కోసం ఎదురుచూస్తున్నాయి.

చదవాలనుకునేవారు ‘వన్ కార్ప్స్ టూ మెనీ’తో మొదలుపెట్టి, ‘ద డాటర్ ఆఫ్ టైమ్’ మీదుగా ‘డిసొల్యూషన్’కు వెళ్లవచ్చు. ఆబిడ్స్ ఆదివారపు పుస్తకాల సంతలోనో, ఊరి గ్రంథాలయంలోనో, ఫోను తెరమీదో ఎక్కడ దొరికినా సరే. ప్రచురణకర్తలు వీటికి మంచి తెలుగు అనువాదాలు తేవాలి, గ్రంథాలయాలు కొని బీరువాల్లో పెట్టాలి. హత్యల కథలు మనిషిని మొరటు చేస్తాయని భయపడే పెద్దలు ఒక్కటి గమనించాలి. ఈ నవలలు చావును వేడుకగా చూపించవు. ఎంత చిన్నవాడైనా, ఎంత పేదవాడైనా, ఎన్ని వందలమందితో కలిసి పోయినా, అతని చావుకు ఎవరో ఒకరు జవాబు చెప్పాలని పట్టుబడతాయి. ఈ పట్టుదల నేర్పే పుస్తకం ఏ దేశానిదైనా, ఏ కాలానిదైనా మన పిల్లల చేతికి ఇవ్వదగినదే.